నోటి బావ, చేతి బావ

మందుల షాపు నుంచి తెచ్చిన కాగితం సంచీకి పిన్ను కొట్టి ఉంది. నాన్న దాన్ని గోటితో లేపి, వంకర తీసి, బయటికి లాగి, కిటికీ గట్టు మీది పౌడరు డబ్బా మూతలో వేశాడు. ఆ తర్వాత బిల్లు మడత విప్పి, తన పేరున్న చోట అడ్డంగా చించాడు. పేరులో మొదటి సగాన్ని వంటింటి చెత్తబుట్టలో పడేసి, రెండో సగాన్ని స్నానాల గది పక్కనున్న బుట్టలో వెయ్యడానికి పనిగట్టుకుని అటు నడిచాడు. ఖాళీ సంచీ మడిచి సొరుగులో పెట్టి, "కాసేపు నడుం వాలుస్తానే అమ్మడూ" అని లోపలికి వెళ్ళాడు. కూతురు టీ పెట్టి పిలిచింది. కాస్త గొంతు పెంచి మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత పిలవలేదు, కప్పు కింద పెట్టేసి లోపలికి పరిగెత్తింది.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక బుట్టలు ఖాళీ చేస్తుంటే, స్నానాల గది పక్క బుట్టలో పేరు రెండో సగం అడుగుకి అంటుకుని కనిపించింది. అమ్మడికి ఏం చెయ్యాలో తోచలేదు. పారేస్తే ఆయన మాట నిలబెట్టినట్టు, దాచుకుంటే తన మనసు నిలబెట్టుకున్నట్టు. చివరికి దాన్ని పౌడరు డబ్బా మూతలో, తుప్పు పట్టిన పిన్నుల మధ్య పెట్టింది.

ఆ ఇంట్లో ఏ కాగితమూ నిండు పేరుతో గడప దాటకూడదు. కరెంటు బిల్లయినా, బ్యాంకు కవరయినా అదే శిక్ష. చిన్నప్పుడు ఒకసారి తన ప్రోగ్రెస్ కార్డు నకలు ఆయన అడ్డంగా చించుతుంటే చూసి, లెక్కల్లో మార్కులు తగ్గినందుకే నాన్నకి ఇంత కోపం వచ్చిందనుకుని అమ్మడు బావురుమంది. ఆయన కంగారుపడిపోయాడు. "నీ మీద కోపం కాదే పిచ్చి మొహమా, కాగితం మీద జాలి. దాని పని అయిపోయింది, ఇంక దాన్ని వదిలెయ్యాలి" అన్నాడు. అమ్మడికి అప్పుడేమీ అర్థం కాలేదు.

ఆయన పనిచేసింది ఊళ్ళో రెండేళ్ళ కోర్సులుండే కాలేజీలో. పగలంతా ఏదో ఒక పని చేసుకునేవాళ్ళు సాయంత్రం పూట వచ్చి చదువుకునే చోటు అది. డ్రైవర్లు, ఆసుపత్రి ఆయాలు, ఎప్పుడో ఆపేసిన చదువును పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ అందుకున్న తల్లులు అక్కడి విద్యార్థులు. ఆ భవనంలో పైకి వెళ్ళే మెట్ల కింద, వాలు కప్పుకి తల తగలకుండా వంగి దూరాల్సిన గది రికార్డు గది. అందులో నాన్నా, మావయ్యా కలిసి పనిచేశారు. మావయ్యంటే నాన్న చెల్లెలి మొగుడు. పనిచేస్తున్న ప్రింటింగ్ ప్రెస్సు మూతపడి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న మనిషిని నాన్నే చెయ్యి పట్టుకుని ప్రిన్సిపాలు దగ్గరికి తీసుకెళ్ళి, "మా బావ. అచ్చుతప్పు ఈయన కంట పడకుండా పోదు" అని చెప్పి చేర్పించాడు.

ఒకరికొకరు బావే కాబట్టి ఎవరైనా గుమ్మంలో నిలబడి "బావగారూ" అంటే ఇద్దరూ తల తిప్పేవారు. గొడవెందుకని కాలేజీవాళ్ళు మావయ్యకి నోటి బావ అనీ, నాన్నకి చేతి బావ అనీ పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లు ఊరికే రాలేదు.

రికార్డు గదిలో పని దాచడమే అనుకుంటారు గానీ, సగం పని నాశనం చెయ్యడం. మార్కుల రిజిస్టరు కలకాలం ఉండాలి. దరఖాస్తులు, సెలవు చీటీలు, డాక్టరు సర్టిఫికెట్లు, ప్రాక్టికల్ షీట్లు, వీటిలో ఒక్కోదానికి ఒక్కో గడువు. గడువు దాటిన కట్టలన్నిటినీ వేసవి సెలవుల్లో మిషన్లో వేసి పోగులు పోగులుగా కోసెయ్యాలి. "మార్కులకి చావు లేదు, మిగతావన్నీ మనలాంటివే" అనేవాడు మావయ్య. ఆ మిషన్‌కి ఆయన పెట్టిన పేరు మేక. "పద బావా, మేకకి ఆకలేస్తోంది" అంటే నాశనం పని మొదలైనట్టు. పిన్నులు ఆ మేక పళ్ళకి అడ్డం పడతాయి కాబట్టి ముందుగా ఒక్కొక్కటీ పీకాలి. నాన్న గోరు ఎప్పుడూ విరిగే ఉండేది అందుకే.

గడువు దాటినా వెయ్యకూడని కట్టలు కూడా ఉండేవి. ఎవరైనా విద్యార్థి, ఫలానా కాగితాలతో నాకింకా పనుందని అర్జీ పెట్టుకుంటే ఆ కట్ట ఆగాలి. ఆఫీసు గుమాస్తా మెట్లు దిగి వచ్చి, కట్ట పైన ఉండే గోధుమరంగు అట్ట మీద గుండ్రటి ఎర్ర ముద్ర గుద్ది పోయేవాడు. దాన్ని ఆపు ముద్ర అనేవారు. ముద్ర ఉంటే ఆ కట్టని మేక దగ్గరికి తీసుకెళ్ళకూడదు. ఆ కాగితాలకి అంతకు మించి కాపలా లేదు.

మొదట్లో ఇద్దరూ అట్టలు చూసేవారు, ఇద్దరూ మేకకి వేసేవారు. ఒక వేసవిలో నాన్న పిన్ను పీకుతూ ఒక సెలవు చీటీ చదివేశాడు. రాసింది తమ వీధిలోనే ఉండే కుర్రాడు. ఆ రోజు పరీక్షకి ఎందుకు రాలేకపోయాడో, ముందు రోజు ఇంట్లో తండ్రి ఏం చేశాడో దాచకుండా రాసుకున్నాడు. ఆ తండ్రి రోజూ నాన్నకి ఎదురుపడి నవ్వే మనిషే. చాలా రోజులపాటు నాన్న ఆ నవ్వుకి మొహం తిప్పుకుని తిరిగాడు.

"పేరు చదివితే మొహం కనపడుతోంది బావా. మొహం కనపడితే చెయ్యి ఆగిపోతోంది" అన్నాడు మావయ్యతో.

"చదవమని ఎవడేడిచాడు? చదివే రోగం నాది, పుట్టుకతో వచ్చింది. ఇటు పడెయ్. ఇవాళ్టి నుంచి నేను నోరు, నువ్వు చెయ్యి."

అదే వాళ్ళ పద్ధతి అయిపోయింది. మావయ్య అరలోంచి కట్ట దించి, అట్ట మీది సంవత్సరం, కోర్సు పైకి చదివి, "వెయ్యొచ్చు" అనో "ఆగాలి" అనో అంటాడు. వెయ్యొచ్చంటే తాడు విప్పి, అట్టలు మళ్ళీ వాడుకోవడానికి పక్కన పేర్చి, ఒట్టి కాగితాలు నాన్న చేతిలో పెడతాడు. నాన్న వాటిని బోర్లా తిప్పి పట్టుకుని పిన్నులు పీకి మేకకి వేస్తాడు. పేర్లు చూడడు. అట్టా చూడడు. రూలు పుస్తకంలో ఇద్దరూ చూడాలని ఉంది. "బావ చూస్తే నేను చూసినట్టే" అనేవాడు నాన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో గర్వం ఉండేది.

ఆదివారాలు రెండిళ్ళవాళ్ళూ ఒకే చోట తినేవారు. అమ్మ పోయాక అది మరీ ఖాయమైంది. అత్త గిన్నెలు మోసుకుని వచ్చేది, మావయ్య వెనకాల కబుర్లు మోసుకుని వచ్చేవాడు. ఏ విద్యార్థి ఏ సంవత్సరం చేరాడో, ఎవరు ఎన్నిసార్లు తప్పారో అన్నీ నోటికే చెప్పేవాడు. అమ్మడిని చూడగానే "ఏమే కోడలు పిల్లా, మావయ్యకి మంచినీళ్ళు కూడా లేవా ఈ కొంపలో?" అని మొదలుపెట్టేవాడు. ఒక చలికాలం నాన్న చెల్లెలికి స్వెటరు కొని తెచ్చాడు. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, ఫైరింజను వీధిలోకి వచ్చినంత ఎరుపు. అత్త అక్కడే తొడుక్కుని ఇటూ అటూ తిరిగి చూపించింది.

మావయ్య తలెత్తి చూసి, "ఏంటి బావా, ఊళ్ళో రంగులు కరువయ్యాయా? నా పెళ్ళానికి బురద రంగు స్వెటరు తెచ్చావ్?" అన్నాడు.

"మీ కంటికి నేనేం వేసుకున్నా బురదేలెండి" అంది అత్త మూతి తిప్పి.

నాన్నకి నవ్వాగక పొలమారింది. అమ్మడు వీపు తట్టింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు రెండిళ్ళలోనూ ఎర్రటి వస్తువు ఏది కనపడినా "అబ్బ, ఏం బురద!" అని నవ్వుకునేవారు.

మరుసటి వేసవిలో ఎప్పటిలాగే మేకకి మేత పడింది. ఆ సాయంత్రం నాన్న ఒంటి నిండా కాగితం దుమ్ముతో వచ్చి, స్నానం చేసి, హాయిగా నిద్రపోయాడు. సెలవులయ్యాక కాలేజీ తెరిచిన కొత్తలో ఊరి ఆసుపత్రిలో పనిచేసే ఆయాలు కొందరు ఆఫీసుకి వచ్చారు. వాళ్ళంతా ఎప్పుడో ఆ కాలేజీలో రోగుల సేవ కోర్సు చదివినవాళ్ళు. అప్పట్లో చేసిన ప్రాక్టికల్ డ్యూటీల షీట్లు చూపిస్తే ఆసుపత్రివాళ్ళు నర్సుకి సహాయకులుగా పైకి తీసుకుంటామన్నారట. అందుకే చలికాలం చివర్లోనే అర్జీ పెట్టుకుని వెళ్ళారు. గుమాస్తా ముద్ర వేశాడు. ఇప్పుడు కిందికి దిగి వెతికితే కట్ట లేదు. మళ్ళీ వాడుకోవడానికి పేర్చిన అట్టల దొంతరలో మాత్రం ఆ కోర్సు అట్ట దొరికింది. దాని మీద గుండ్రటి ఎర్ర ముద్ర చెక్కు చెదరకుండా ఉంది.

విచారణ గదిలో ఏం జరిగిందో నాన్న ఎన్నిసార్లు చెప్పాడంటే, అమ్మడికి తను కూడా ఆ గోడవారన నిలబడి విన్నట్టే ఉండేది. పెద్ద బల్ల. దాని మీద ఆ అట్ట ఒక్కటే. అటు ప్రిన్సిపాలు మేడం, ఇటు బావలిద్దరూ.

"ఇది చూసి మీరేం చదివారు?" అని మేడం మావయ్యని అడిగింది.

"సంవత్సరం చదివాను, కోర్సు చదివాను. వెయ్యొచ్చన్నాను."

"మరి ఈ ముద్ర?"

"ఏ ముద్ర?"

మేడం వేలు పెట్టి చూపించింది. మావయ్య అట్టని చేతిలోకి తీసుకున్నాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పాడు. తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"ఇది మరక మేడం. టీ కప్పు పెట్టుంటారు. మరకని పట్టుకుని ముద్రంటే నేనేం చెప్పను?"

మూల కూర్చున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. మేడం నవ్వలేదు. నాన్న మాత్రం ముందుకి వంగాడు.

"బావా, ఇటు చూసి చెప్పు. నా మొహం చూసి చెప్పు."

మావయ్య తిరిగి చూశాడు. "లేదు బావా. ఆ రోజు లేదు, ఇప్పుడూ లేదు" అన్నాడు.

"కళ్ళార్పలేదే అమ్మడూ" అనేవాడు నాన్న ఈ చోటికి వచ్చేసరికి. "అబద్ధమాడేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు. వాడు తడబడలేదు."

తర్వాత మేడం నాన్న వైపు తిరిగింది. అట్ట మీరు చూశారా అంటే చూడలేదన్నాడు. రూలు ప్రకారం చూడాలి కదా అంటే చూడాలన్నాడు. అంతటితో ఆయన విచారణ అయిపోయింది. పదవీ విరమణకి ఇంకా టైముండగానే ఆయన్ని ఇంటికి పంపించేశారు. మావయ్యని మాత్రం మెట్ల కింది చీకటి గదిలోంచి తీసి, ముందు హాల్లో విచారణల కిటికీ దగ్గర, ఫ్యాను కింద కూర్చోబెట్టారు. అక్కడ పనల్లా వచ్చినవాళ్ళకి నోటితో జవాబు చెప్పడమే. అలాంటి సీటు ఊరికే ఎందుకిస్తారని కాలేజీలో చెవులు కొరుక్కున్నారు. ఆయాలకి ఆ షీట్లు ఇవ్వడం పైవాళ్ళకి ఇష్టం లేదనీ, నోటి బావని మంచి చేసుకుని మాయం చేయించారనీ ఒక మాట పుట్టింది. నాన్న ఆ మాటని నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయాడు.

ఆ రోజుల్లోనే ఒక ఆయా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఒంటి మీద ఫినాయిలు వాసన. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా కాయితాలు మిషన్లో వేసింది మీరేనా?"

"నేనేనమ్మా."

"చంటిదాన్ని పక్కింట్లో పడుకోబెట్టి చేశానండీ ఆ డ్యూటీలు. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ చెయ్యమంటున్నారు. నా మోకాళ్ళు అప్పటివా?" మళ్ళీ తనే అడిగింది. "వేసేటప్పుడు నా పేరు చూశారా?"

"లేదమ్మా. మేం చూడం."

"కనీసం చూసి వేసుండాల్సింది" అంది. అరిచి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది. మామూలుగా అనేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నాన్న ఆ పూట అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. అమ్మడికి ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడే వెళ్ళి ఆ మనిషిని నడివీధిలో కడిగేసి వస్తాను" అని లేచింది.

"కూర్చోవే. నా చెల్లెలి కాపురం ఉంది అక్కడ."

"మరి ఊరుకుంటావా?"

"ఊరుకోక? నాకు వాడి క్షమాపణలు అక్కర్లేదు. ఉద్యోగం పోయిందనీ లేదు, నేను చూడాల్సింది చూడలేదు, పోయింది. వాడు ఎందుకలా అన్నాడో ఒక్కసారి వచ్చి చెబితే చాలు. ఎందుకో తెలిస్తే, సరేలెమ్మని నిద్రపోతాను."

ఆయన అడిగింది అంతే. ఆ ఒక్క ముక్క కోసం వీధి తలుపు చప్పుడైతే చాలు, తల ఎత్తేవాడు.

మావయ్య రాలేదు. వచ్చింది అత్త. గుమ్మంలోనే నిలబడింది.

"అన్నయ్యా, ఆయన్ని అబద్ధాలకోరుని చేశావు కదా నలుగురిలో."

"నేను చేశానా?"

"ముద్ర ఆ తర్వాత ఎవరో గుద్దారు. ఆయన ఒట్టేసి చెబుతున్నారు లేదని. నువ్వు ఒక్క మాట, మా బావ లేదన్నాడంటే లేనట్టే అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. ఇన్నేళ్ళు 'బావ చూస్తే నేను చూసినట్టే' అన్నవాడివి, అవసరం వచ్చేసరికి మొహం చూసి చెప్పమన్నావట."

"బల్ల మీద కనపడుతోందే తల్లీ, ఇంత ఎర్రగా!"

"అదిగో, మళ్ళీ అదే మాట" అని వెళ్ళిపోయింది. ఆదివారాలు అప్పటితో ఆగిపోయాయి. ఆమె మర్చిపోయిన గిన్నె ఒకటి అల్మారాలో ఉండిపోయింది. నాన్న దాన్ని వాడనివ్వలేదు, పంపనూ లేదు.

నాన్న పోయిన రోజు మావయ్య వచ్చాడు. అత్త మోచెయ్యి పట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చాడు. అడ్డంగా ఉన్న కుర్చీ కాలికి తగిలి తూలాడు. "తాగొచ్చాడా ఏంటి ఇలాంటి రోజున?" అని పక్కింటావిడ గొణిగింది. అమ్మడు వినిపించుకోనట్టు నటించింది గానీ లోపల ఆ మాటని పట్టి దాచుకుంది. ఆయన నాన్న కాళ్ళ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బతికుండగా చెప్పనివాడు ఇప్పుడేం చెబుతాడులే అనుకుంది.

తర్వాత కాలేజీ నుంచి కబురొచ్చింది, రికార్డు గదిలో నాన్న వస్తువులేవో ఉన్నాయి, తీసుకెళ్ళమని. అమ్మడు తను పనిచేసే ల్యాబులో సెలవు పెట్టి వెళ్ళింది. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా విచారణల కిటికీ, దాని వెనక మావయ్య. వీధి తలుపు అమ్మడి వెనకే బార్లా తెరిచి ఉంది. మధ్యాహ్నపు ఎండ ఆమె వీపు మీద పడుతోంది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నోరు విప్పకూడదని దారిలోనే ఒట్టు పెట్టుకుంది. ముందు ఆయనే మాట్లాడాలి. ఏమంటాడో చూడాలి. కోడలు పిల్లా అంటాడా? అంటే ఏం చెయ్యాలి? ఏడుపొస్తే?

మావయ్య తలెత్తి ఆమె వైపు చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. ఎవరికైనా పెట్టే నవ్వు ఒకటి పెట్టాడు.

"ఎవరమ్మా? ఏ కోర్సు?"

అమ్మడికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. చేతికందేంత దూరంలో, మొహంలో మొహం పెట్టి చూస్తూ అడిగాడు. తొట్లో ఉన్నప్పటి నుంచి ఎత్తుకుని తిప్పిన పిల్లని, బావ కూతుర్ని. మాట్లాడలేక వెనక్కి తిరిగింది. "చెప్పమ్మా, పర్వాలేదు, ఏం కావాలి?" అని ఆ గొంతు వెనకనుంచి వినపడుతూనే ఉంది. వస్తువులు తీసుకోకుండానే ఇంటికి వచ్చేసి అత్తకి ఫోను చేసింది.

"నీ మొగుడు భలేవాడత్తా. ఆ రోజు ముద్రని మరకన్నాడు. ఇవాళ నన్ను చూసి ఎవరమ్మా అన్నాడు. రేపు నాన్న ఫొటో చూపిస్తే ఇదెవరిదంటాడా?"

"ఏం వాగుతున్నావే?"

"ఇదిగో, ఎదురుగా నిలబడితే ఏ కోర్సని అడిగాడు. పగ ఉంటే తిట్టమను. తెలియనట్టు ఆ నాటకమెందుకు?"



"నువ్వు మాట్లాడావా?" అని అడిగింది అత్త.

"ఎదురుగా నిలబడ్డానంటుంటే!"

"అది కాదే, నోరు తెరిచి మాట్లాడావా అంటున్నాను."

"లేదు."

అత్త ఫోను పెట్టేసింది. అమ్మడు ఆ ఫోను వైపే చూస్తూ, మొగుణ్ణి వెనకేసుకు రావడానికి మాటలు దొరకలేదన్నమాట అనుకుంది. ఆ కోపంతోనే అల్మారాలోని గిన్నె తీసి, వెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టేసి రావాలనుకుంది. చేతిలో పట్టుకుని గది మధ్యలో నిలబడి, మళ్ళీ అల్మారాలోనే పెట్టేసింది.

కొన్నాళ్ళకి అత్తే వచ్చింది. బయట చలిగా ఉంది. ఒంటి మీద ఆ ఎర్ర స్వెటరే. ఈసారి గుమ్మంలో ఆగలేదు, లోపలికి వచ్చి నాన్న కుర్చీలో కూర్చుంది. అమ్మడు మంచినీళ్ళు ఇవ్వలేదు. అత్త అడగనూ లేదు.

"నువ్వు ఫోను చేసిన మర్నాడు ఇంట్లో మాట్లాడకుండా ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. మంచం పక్కనే. 'ఎవరూ?' అన్నారు. నన్నే. గొంతు వినపడితే గానీ మనిషి తెలియట్లేదు. ఎన్నాళ్ళ నుంచంటే, బల్బులు బాగాలేవంటారు. కిటికీ ఎండంటారు. ఆయనకే తెలియదే. కొంచెం కొంచెంగా పోయేది ఎవరికి తెలుస్తుంది?"

అమ్మడు గోడకి చేరబడింది.

"కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కన్ను వెనకాల నరం ఎండిపోతోందట. చాలాకాలం నుంచీ." స్వెటరు అంచు వేళ్ళతో నలుపుతూ అంది. "పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నా వైపు చూపించి, మీ ఆవిడ వేసుకున్నదేం రంగండీ అన్నాడు. బురద రంగన్నారు ఈయన. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో ఎప్పుడూ అనుకునేదే కదా. నవ్వుతూ డాక్టరు వైపు చూస్తే, ఆయన నవ్వట్లేదు. రాసుకుంటున్నాడు."

"ఏమని?"

"ఈ జబ్బులో ముందు పోయేది ఎరుపేనట. ఎరుపు మట్టిలో కలిసిపోయినట్టు కనపడుతుందట. అక్షరాలు ఆ తర్వాతెప్పుడో పోతాయట."

అమ్మడు అల్మారా తెరిచి గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. అత్త దాన్ని గుర్తుపట్టి దగ్గరికి లాక్కుంది గానీ లేవలేదు.

"ఈ స్వెటరు మీ నాన్న ఎప్పుడు కొన్నాడో గుర్తుందా?" అని అడిగింది.

గుర్తుంది. ఆయాల కట్ట మేకలో పడిన వేసవికి ముందు చలికాలం.